ప్రయోగశాల గేటు దాటని అభిప్రాయం

2021 మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో నాటుమందు కోసం జనం బారులు తీరినప్పుడు, మన పత్రికలూ ఛానెళ్లూ రోజుల తరబడి ఒకే ప్రశ్న చుట్టూ తిరిగాయి. మందు పనిచేస్తుందా, చెయ్యదా? తాగి తేరుకున్నామన్నవాళ్ల మాటలు వచ్చాయి. నాయకుల మాటలు వచ్చాయి, ఆయుష్ అధికారుల ప్రకటనలు వచ్చాయి. నెలాఖరుకు రాష్ట్ర ప్రభుత్వం కంట్లో వేసే చుక్కల్ని ఆపి మిగతా మందుకు అనుమతిచ్చింది. ఆ కొద్ది రోజుల్లో పాఠకుడి చేతికి అందాల్సిన వాదన ఒకటుంది. కోవిడ్ సోకినవాళ్లలో అత్యధికులు ఏం తాగినా తాగకపోయినా కోలుకునేవాళ్లే. అలాంటి జబ్బులో, మందు తాగి లేచి కూర్చున్న వందమందిని కెమెరా ముందు నిలబెడితే రుజువయ్యేది ఏమీ లేదు. అదే వయసు, అదే తీవ్రత ఉండి మందు తాగని వందమందిని వాళ్ల పక్కన పెట్టి చూస్తేనే ఏదైనా తేలుతుంది. ఇంత చిన్న మాట చెప్పడానికి నోబెల్ బహుమతి అక్కర్లేదు. సంతకం పెట్టి, సంపాదకీయ పేజీలో, ఎవరికి కోపం వచ్చినా సరే అని చెప్పే జీవశాస్త్రవేత్త కావాలి. అలాంటివాళ్లు మన పత్రికల్లో అరుదు. ఆ కొరత మామూలుది కాదనీ, దాన్ని పూడ్చే మార్గం మరిన్ని సైన్సు వార్తలు వెయ్యడం కాదనీ ఈ వ్యాసంలో నా వాదన.

జీవశాస్త్రం మన పత్రికల్లో లేదని ఎవరూ అనలేరు. ఆరోగ్యం పేజీలో డాక్టరుగారి ప్రశ్నలు–జవాబులు ఉంటాయి. ఆదివారం అనుబంధంలో లోతు సముద్రంలో వెలిగే చేప ఉంటుంది. పిల్లల పేజీలో ఊసరవెల్లి రంగు మార్చే రహస్యం ఉంటుంది, లోపలి పేజీలో ఏజెన్సీ పంపిన పరిశోధన వార్త ఉంటుంది. ఇదంతా సమాచారం, కొంత వినోదం. ఇందులో శాస్త్రవేత్త సందేహం తీర్చే పెద్దమనిషిగానో, వార్త చివర రెండు ముక్కలు పలికే పేరుగానో కనిపిస్తాడు. ఒక విషయం మీద పక్షం తీసుకుని, ఆధారాలు పరిచి, ఎదుటివాళ్ల అభ్యంతరాలకు జవాబు చెప్పే మనిషిగా కనిపించడు. రాజకీయం, ఆర్థికం, సాహిత్యం మీద మనకు వాదించే వ్యాసకర్తలకు కొదవ లేదు. మేనరికం, విత్తనం, కులం, వంశం, తిండి మీద జీవశాస్త్రం తెలిసినవాళ్లు ఎందుకు వాదించరు? తెలుగువాళ్లు రోజూ పోట్లాడుకునే సంగతుల్లో సగం ఇవే.

ఈ పని ఎలా చెయ్యొచ్చో, ఎలా చెయ్యకూడదో రెండూ చూపించిన మనిషి జె.బి.ఎస్. హాల్డేన్. ప్రకృతివరణానికి గణితం కట్టిన ముగ్గురు నలుగురిలో ఒకడు. హీమోఫీలియా జన్యువులో మార్పులు ఏ రేటున వస్తాయో 1935లోనే అంచనా కట్టాడు. తలసీమియా లాంటి రక్తదోషాలు కొన్ని జాతుల్లో అంత ఎక్కువగా నిలిచి ఉండటానికి మలేరియా కారణం కావచ్చని 1940ల చివర్లో ఊహించాడు. అంతటివాడు 1937 నుంచి పుష్కరకాలానికి పైగా లండన్‌లోని డైలీ వర్కర్ అనే కమ్యూనిస్టు పత్రికలో మూడు వందలకు పైగా వ్యాసాలు రాశాడు. చదివేవాళ్లు గని కార్మికులు, రేవు కూలీలు, రైల్వే పనివాళ్లు. వాళ్ల కోసం ఎలా రాయాలో కూడా ఆయన ఒక వ్యాసంలో చెప్పాడు. పాఠకుడికి ముందే తెలిసిన వస్తువుతో మొదలుపెట్టాలి, అది బాంబు కావచ్చు, పిట్ట పాట కావచ్చు, జున్ను కావచ్చు. అక్కడి నుంచి సూత్రంలోకి వెళ్లాలి. రాశాక ఆ విషయం అంతగా తెలియని స్నేహితుడికి చూపించాలి. అయితే ఆయన వ్యాసాలు అర్థమయ్యే రాతతో ఆగలేదు. గనుల్లో గాలి గురించి రాస్తే, ఆ గాలి అలా ఉండటానికి ఎవరు బాధ్యులో కూడా రాసేవాడు. పాఠం చెప్పేవాడికీ అభిప్రాయం రాసేవాడికీ తేడా అక్కడే ఉంది.

హాల్డేన్ 1957లో సంఖ్యాశాస్త్రవేత్త మహలనోబిస్ పిలుపు మీద కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చాడు, తర్వాత భువనేశ్వర్ వెళ్లాడు, భారత పౌరుడిగా 1964లో అక్కడే పోయాడు. ఇక్కడా పత్రికలకు రాయడం మానలేదు. మన ప్రాంతంతో ఆయన బంధం చాలామందికి తెలియదు. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణ ఆయన శిష్యుడు. ద్రోణంరాజూ మీరా ఖాన్ అనే మరో పరిశోధకుడూ కలిసి ఆంధ్రప్రదేశ్‌లో దగ్గరి బంధువుల పెళ్లిళ్ల మీద చేసిన అధ్యయనం 1963లో జర్నల్ ఆఫ్ జెనెటిక్స్‌లో వచ్చింది. మేనమామ–మేనకోడలు, మేనబావ–మేనమరదలు పెళ్లిళ్లు ఇంత విరివిగా జరిగే నేల జన్యుశాస్త్రవేత్తకు ఎంత విలువైనదో హాల్డేన్‌కు తెలుసు. లెక్క సూటిగానే ఉంటుంది. మేనబావను చేసుకున్న అమ్మాయికి పుట్టే బిడ్డలో, ఏ జన్యువు తీసుకున్నా దాని రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి దిగి వచ్చి ఉండే అవకాశం పదహారింట ఒకటి. మేనమామను చేసుకుంటే ఎనిమిదింట ఒకటి. ఆ ప్రతిలో దోషం ఉంటే, రెండూ అవే కాబట్టి జబ్బు బయటపడుతుంది. మామూలు పెళ్లిళ్లలో తీవ్రమైన పుట్టుకలోపాలు నూటికి రెండు మూడు ఉంటే, మేనబావ పెళ్లిలో అది సుమారు రెట్టింపు అవుతుంది. ఇంతవరకూ జీవశాస్త్రం. దీన్ని ఎవరు రాసినా ఇలాగే రాయాలి.

ఆ తర్వాత ఏం చెయ్యాలి అన్న చోట జీవశాస్త్రం చేతులెత్తేస్తుంది. హిందూ వివాహ చట్టం ఈ వరసల్ని నిషిద్ధ బంధుత్వాల్లోనే పెట్టి, ఆచారం ఉంటే చెల్లుతుందని వదిలేసింది. ఆ మినహాయింపు తీసెయ్యాలా? నూటికి తొంభైకి పైగా పిల్లలు ఆరోగ్యంగానే పుడుతున్న సంబంధాన్ని చట్టంతో ఆపడం న్యాయమా? ఆస్తి, ఆడపిల్ల భద్రత, తెలిసిన ఇల్లు అన్న ధీమా ముడిపడి ఉన్న ఆచారాన్ని జన్యువుల లెక్క ఒక్కటే చూసి కొట్టెయ్యొచ్చా? నా మటుకు నాకు, పెళ్లికి ముందు జన్యు సలహా ఊరి ఆసుపత్రి దాకా తేవడమే సబబు, నిషేధం కాదు. మరొకరు కాదనొచ్చు. కాదనే జీవశాస్త్రవేత్త కూడా తన వాదన ఇదే పేజీలో, పదహారింట ఒకటి అన్న ఇదే లెక్క మీద నిలబడి రాయాలి. లెక్క ఎక్కడ ముగిసిందో, అభిప్రాయం ఎక్కడ మొదలైందో పాఠకుడికి స్పష్టంగా కనిపిస్తే చాలు, ఏ పక్షం తీసుకున్నా నష్టం లేదు.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి వస్తుంది, అది కూడా హాల్డేన్ వైపు నుంచే. 1948 ఆగస్టులో మాస్కోలో జరిగిన వ్యవసాయ అకాడమీ సమావేశంలో, పరిసరాల వల్ల మొక్కలో వచ్చిన మార్పులు సంతానానికి దిగుతాయన్న తన సిద్ధాంతానికి కమ్యూనిస్టు పార్టీ కేంద్ర కమిటీ ఆమోదం ఉందని వ్యవసాయ శాస్త్రవేత్త లైసెంకో ప్రకటించాడు. సోవియట్ దేశంలో మెండెల్ జన్యుశాస్త్రానికి దాంతో ద్వారాలు మూసుకుపోయాయి. అంతకు ఐదేళ్ల ముందే, 1943లో, ప్రపంచమంతా తిరిగి విత్తనాలు పోగుచేసి, లైసెంకోను ఎదిరించిన నికొలాయ్ వవిలోవ్ సరతోవ్ జైల్లో చనిపోయాడు. ఆ వవిలోవ్ అతిథిగా 1928లో హాల్డేన్ రష్యా వెళ్లొచ్చాడు. జన్యుశాస్త్రం లోతు తెలిసినవాడు, బలైన మనిషిని ఎరిగినవాడు, చేతిలో పత్రిక ఉన్నవాడు. అయినా 1948లోనే బీబీసీ రేడియోలో ఫిషర్, డార్లింగ్టన్ లాంటి జన్యుశాస్త్రవేత్తలు లైసెంకోను ఉతికి ఆరేస్తుంటే హాల్డేన్ నీళ్లు నమిలాడు. అందులో కొంత నిజం ఉండొచ్చు, పూర్తి పాఠం చూశాక గానీ చెప్పలేం అన్న ధోరణిలో రాసుకొచ్చాడు. తర్వాత పార్టీకి దూరమయ్యాడు కానీ, గట్టిగా ఒక్క మాట అనలేదు. చనిపోయే ముందు తన సంస్మరణ ప్రసంగాన్ని తానే బీబీసీకి రికార్డు చేసి ఇచ్చినప్పుడు కూడా లైసెంకోను మంచి జీవశాస్త్రవేత్తే అని మెచ్చుకుని, అతనికి స్టాలిన్ కాలంలో అంత అధికారం దక్కడం మాత్రం సోవియట్ వ్యవసాయానికీ జీవశాస్త్రానికీ చేటు చేసిందన్నాడు. ఇంతటివాడే ఇలా జారితే, శాస్త్రవేత్తలకు అభిప్రాయాల పేజీ అప్పగించడం ఎందుకు, ప్రయోగాలు చేసుకోనివ్వండి అనేవాళ్ల మాటకు బలం ఉంది.

ఆ బలాన్ని ఒప్పుకుంటూనే ఆ తీర్మానాన్ని నేను ఒప్పుకోను. హాల్డేన్ రాజకీయాలు రాసినందుకు తప్పు చెయ్యలేదు. పరిశోధన పత్రంలో తాను పెట్టే షరతుల్ని వ్యాసంలో సడలించాడు. గోధుమను చలికి గురిచేస్తే దాని స్వభావం మారి సంతానానికి దిగుతుందన్న మాట ఇంకెవరైనా అని ఉంటే, పోల్చి చూసిన మడి ఏది, ఎన్ని తరాలు పండించారు, అంకెలేవి అని మొదటి వాక్యంలోనే నిలదీసేవాడు. లైసెంకోను అడగలేదు. ఆ అడగకపోవడం అచ్చులో ఉంది కాబట్టే ఇవాళ మనం వేలెత్తి చూపగలుగుతున్నాం. మౌనంగా ఉండిపోయిన శాస్త్రవేత్తల తప్పులు ఏ లెక్కలోనూ తేలవు. అమెరికన్ జీవశాస్త్రవేత్త స్టీఫెన్ జే గూల్డ్ సంగతి కూడా ఇంతే. 1974 జనవరి నుంచి 2001 జనవరి దాకా నేచురల్ హిస్టరీ పత్రికలో సంచిక తప్పకుండా మూడు వందల వ్యాసాలు రాసిన మనిషి ఆయన. జాతి దురభిమానం వల్ల పందొమ్మిదో శతాబ్దపు అమెరికన్ వైద్యుడు మోర్టన్ తీసిన పుర్రెల కొలతలు వంకర పోయాయని ఆయన గట్టిగా వాదించాడు. 2011లో మానవశాస్త్రవేత్తలు ఆ పుర్రెల్లో సగాన్ని మళ్లీ కొలిచి మోర్టన్ కొలతలు దాదాపు సరైనవేననీ, పొరబడింది గూల్డేననీ అన్నారు. ఆ తర్వాత వాళ్ల విశ్లేషణనూ తప్పుపట్టినవాళ్లు వచ్చారు. గూల్డ్ తన అంకెలు బయట పెట్టాడు కాబట్టే ఇంత తగాదాకు చోటు దొరికింది. హోదా చూసి నమ్మడమైతే వేరే సంగతి. 2019 జనవరిలో జలంధర్ సైన్స్ కాంగ్రెస్‌లో కౌరవులు టెస్ట్‌ట్యూబ్ బేబీలని చెప్పింది మన ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతే. అందులో హోదా మటుకు పుష్కలంగా ఉంది.

ఆధారానికీ అభిప్రాయానికీ మధ్య గీత గీయడం అంత తేలిక కాదని చెప్పే ఉదంతం హైదరాబాద్‌లోనే ఉంది. సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం) శాస్త్రవేత్తలు తంగరాజ్, లాల్జీ సింగ్, అమెరికాలోని డేవిడ్ రైక్ బృందం కలిసి 2009లో నేచర్‌లో ప్రచురించిన పత్రం, ఇవాళ్టి భారతీయుల్లో అత్యధికులు రెండు ప్రాచీన జనసమూహాల కలయిక అని చెప్పింది. అందులో ఒకదాన్ని పశ్చిమ యురేషియా నుంచి వచ్చినవాళ్లుగా రాయాలా వద్దా అన్న దాని మీద హైదరాబాద్‌లో పెద్ద వాదనే జరిగిందనీ, చివరికి ఉత్తర, దక్షిణ భారత పూర్వీకులు అన్న మధ్యేమార్గపు పేర్లకు ఒప్పుకున్నామనీ రైక్ తర్వాత తన పుస్తకంలో రాసుకున్నాడు. అంటే అంకెలకు పేరు పెట్టే చోటే అభిప్రాయం చొరబడింది. ఆ చర్చ తెలుగు పాఠకుడి ముందు జరగాల్సింది, ఎందుకంటే అది అతని గురించే. 2017లో అదే వరస పరిశోధకులు నేచర్ జెనెటిక్స్‌లో 263 దక్షిణాసియా సమూహాలను పరిశీలించి, 81 సమూహాలు బహు కొద్దిమంది పూర్వీకుల నుంచి విస్తరించాయని తేల్చారు. వాటిలో మన వైశ్యులు ఉన్నారు. ఆపరేషన్ ముందు కండరాలు సడలడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ అనే మందు వీళ్లలో కొందరి ఒంట్లో త్వరగా విచ్ఛిన్నం కాదు, ఊపిరి కండరాలు గంటల తరబడి కదలవు. మత్తు డాక్టర్లకు ఇది కొత్త కాదు. ముందే తెలిస్తే వేరే మందు ఇస్తారు, అంతే. దీన్ని ఎలా రాస్తారు? ఒక కులానికి జబ్బు అంటగట్టారని గొడవ రాకుండా, అలాగని దాచిపెట్టి ఆపరేషన్ బల్ల మీద ప్రాణం మీదికి తేకుండా? తరతరాలుగా కులంలోనే పెళ్లిళ్లు చేసుకోవడం వల్ల మిగిలిన గుర్తు ఇదనీ, ఇందులో హెచ్చూ లేదు తగ్గూ లేదనీ రాయడానికి జన్యువూ తెలియాలి, ఊరూ తెలియాలి. రైక్ తన మాట 2018 మార్చిలో న్యూయార్క్ టైమ్స్‌లో అభిప్రాయ వ్యాసంగా రాశాడు. జనసమూహాల మధ్య జన్యు తేడాలు ఉండవని నటించడం ఇక కుదరదన్నాడు. వారం తిరిగేసరికి 67 మంది శాస్త్రవేత్తలు, సామాజిక పరిశోధకులు సంతకాలు చేసి, ఆయన జాతినీ జనసమూహాన్నీ కలగాపులగం చేస్తున్నాడని జవాబు రాశారు. ఎవరు గెలిచారన్నది అటుంచితే, అమెరికా పాఠకుడికి రెండు వాదనలూ చదివే అవకాశం దొరికింది.

శాస్త్రవేత్తలే ఇలా బహిరంగంగా కలబడితే జనం అయోమయపడి ఎవర్నీ నమ్మరు కదా అంటారు. పురుగును తట్టుకునేలా బయటి జన్యువు చొప్పించిన బీటీ వంకాయ విషయంలో ఇది మన కళ్లముందే జరిగింది. సీసీఎంబీ వ్యవస్థాపకుడు పుష్ప మిత్ర భార్గవ ఆ పంటకు చేసిన పరీక్షలు చాలవని పత్రికల్లో పదేపదే రాశారు. అనుకూలంగా ఉన్న శాస్త్రవేత్తలూ గట్టివాళ్లే. 2010 జనవరి, ఫిబ్రవరి నెలల్లో హైదరాబాద్‌తో సహా ఏడు నగరాల్లో బహిరంగ విచారణ జరిగింది, ఆ ఫిబ్రవరిలోనే కేంద్రం ఆ పంటను నిలిపేసింది. భార్గవ వాదనల్లో కొన్ని నాకు అతిగా తోచాయి. విడిగా ప్రతి పరీక్షా దీర్ఘకాలం జరగాలంటే ఏ కొత్త పంటా పొలం చేరదు. అయినా ఏ పరీక్ష చెయ్యలేదో పేరు పెట్టి చెప్పారు కాబట్టి ఆయన్ను కాదనడానికి కూడా ఆధారం కావలసి వచ్చింది. అయోమయం శాస్త్రవేత్తల తగాదా వల్ల రాలేదు. తగాదా దేని మీదో చెప్పకుండా, అటు నుంచి ఒకరు ఇటు నుంచి ఒకరు అరిచే టీవీ చర్చ వల్ల వచ్చింది.

మరి వీళ్లు తెలుగులో ఎందుకు రాయరు? హైదరాబాద్‌లో 1977 నుంచి సీసీఎంబీ ఉంది, అంతకు ముందే జాతీయ పోషకాహార సంస్థ ఉంది, వరి పరిశోధన సంస్థ, ఇక్రిశాట్, టీకా కంపెనీలు ఉన్నాయి. అయినా తెలుగులో జీవశాస్త్రాన్ని ఓపిగ్గా రాసినవాళ్లలో ముందు గుర్తొచ్చేది అణుభౌతిక శాస్త్రవేత్త కొడవటిగంటి రోహిణీప్రసాద్, కంప్యూటర్ ఆచార్యుడు వేమూరి వేంకటేశ్వరరావు. సీసీఎంబీ డైరెక్టర్‌గా చేసిన డి. బాలసుబ్రమణియన్ దశాబ్దాల పాటు వారం వారం రాశారు, 1997లో యునెస్కో కళింగ బహుమతి అందుకున్నారు, కానీ హిందూలో, ఇంగ్లీషులో. తోటి శాస్త్రవేత్తలు చులకనగా చూస్తారన్న బెదురు ఒక కారణం. రెండోది ఉద్యోగ నియమాలు. కేంద్ర సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళిలో ఎనిమిదో నియమం పత్రికల్లో రాయడానికి కొంత వెసులుబాటు ఇస్తుంది. తొమ్మిదో నియమం ప్రభుత్వ విధానాన్ని విమర్శించడాన్ని నిషేధిస్తుంది. వరి మొక్కలో జన్యువు ఎలా పనిచేస్తుందో రాస్తే ఎనిమిదో నియమం. ఆ వరిని ఏ పరీక్షలు లేకుండా వదలడం తొందరపాటని రాస్తే తొమ్మిదోది. మన జీవశాస్త్రవేత్తలకు నోరు రిటైరయ్యాక వస్తుంటే ఆశ్చర్యమేముంది? పత్రికల వైపు కూడా లోపముంది. రాజకీయ వ్యాసానికి రాజకీయం తెలిసిన ఉపసంపాదకుడు ఉంటాడు, జన్యుశాస్త్ర వ్యాసానికి అడ్డుప్రశ్న వేసేవాడు డెస్కు మీద ఉండడు. విత్తన కంపెనీ నుంచో మందుల కంపెనీ నుంచో పరిశోధనకు డబ్బు తీసుకున్న శాస్త్రవేత్త ఆ సంగతి వ్యాసం కిందే చెప్పాలన్న నియమమూ ఉండదు. ఈ రెండూ సరిచెయ్యకుండా శాస్త్రవేత్తల్ని పిలిచి పేజీ ఇస్తే, కొత్త పెద్దమనుషులు తయారవుతారు తప్ప వాదన పుట్టదు.

ఆ వాదన అర్జెంటుగా కావాల్సిన విషయం మన కంచంలోనే ఉంది. 2025 మే 4న కేంద్రం ప్రకటించిన రెండు జన్యు సవరణ వరి రకాలకూ మాతృకలు మనవే. ఒకటి బాపట్లలో పుట్టిన సాంబ మసూరి, బీపీటీ 5204. దాన్ని రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ జన్యువుల్ని ఎంచి కత్తిరించే క్రిస్పర్ పద్ధతితో సవరించి కమల అని పేరు పెట్టింది. గింజల సంఖ్యను అదుపు చేసే జన్యువును దెబ్బతీశారు, దిగుబడి 19 శాతం ఎక్కువనీ, పంట సుమారు 20 రోజులు ముందే కోతకొస్తుందనీ చెబుతున్నారు. రెండోది మారుటేరులో పుట్టిన ఎంటీయూ 1010ను సవరించి ఢిల్లీలో తయారు చేసింది. బయటి జన్యువు చొప్పించలేదు కాబట్టి 2022 మార్చిలో ఇచ్చిన మినహాయింపు కింద బీటీ పంటలకున్న కట్టుదిట్టమైన అనుమతులు వీటికి అక్కర్లేదు. ఆ మినహాయింపు జీవశాస్త్రం దృష్ట్యా చాలావరకు సమర్థనీయమేనని నాకనిపిస్తుంది, ప్రకృతిలో తనంతట తాను వచ్చే మార్పుకూ దీనికీ మొక్కలో తేడా పట్టడం కష్టం. అయితే ఆ 19 శాతం ఏ జిల్లాల్లో, ఎంత ఎరువు వేసిన మళ్లలో వచ్చింది? బాపట్ల సాంబ మసూరి పండే కృష్ణా డెల్టాలో ఎంత, నల్గొండ బోరు కింద ఎంత? అన్ని చోట్లా ఒకే తీరుగా రాలేదని విమర్శకులు అంటున్న మాటకు ఆధారం ఏ పట్టికలో ఉంది? క్రిస్పర్ పేటెంట్లు విదేశీ సంస్థల చేతుల్లో ఉండగా ఆ విత్తనాన్ని రైతు మళ్లీ దాచుకుని చల్లుకోవచ్చా? రాజేంద్రనగర్‌లో ఆ వరిని తయారు చేసినవాళ్లు ఒక ఆదివారం వీటికి తెలుగులో జవాబు రాయాలి. దాన్ని కాదనే మరో జీవశాస్త్రవేత్త వ్యాసం పై ఆదివారం అదే చోట రావాలి.